చేపబొమ్మ కప్పు

పైకప్పు నడుమ నలుచదరపు కంతలోంచి దిగిన ఎండ పలక ఇంకా నీళ్ళ కుండ దాకా రాలేదు. అది కుండ మొదలు తాకిందంటే పొద్దు వాలే అసర్ నమాజు వేళయినట్టు, అప్పుడు బహ్మద్ లేస్తాడు, మొహం కడుక్కుంటాడు, ఆ తర్వాత అల్జీర్స్ పక్కనున్న సముద్రపు ఊరినుంచి ఇళ్ళు చూపించే మధ్యవర్తి ఫోను చేస్తాడు, ఇల్లు తీసుకుంటున్నదీ లేనిదీ ఇవాళ తేల్చి చెప్పాలి. చెప్పే నోరు బహ్మద్‌దే గాని ఆ నోట్లో మాట పెట్టవలసింది మెన్నా. మధ్యాహ్నం భోజనం దగ్గరే అన్నాడు, “నేను నిద్ర లేచేసరికి ఏదో ఒకటి చెప్పు మెన్నా, ఇంక నానబెట్టడానికి లేదు, వాడు మనకోసం తాళంచెవి పట్టుకు కూర్చోడు,” అని, అని అటు తిరిగి పడుకున్నాడు, పడుకున్న మరుక్షణం గుర్రు. మగవాళ్ళకి దేవుడు ఈ వరం ఎందుకిచ్చాడో, ప్రశ్న ఆడదాని నెత్తిన పెట్టి తాము హాయిగా నిద్రపోవడం. మెన్నా చాపమీద వెల్లకిలా పడుకుని ఆ ఎండ పలకనే చూస్తోంది. ఈ లోయలో వేసవి మధ్యాహ్నం పడుకోవడం బద్ధకం కాదు, బతికి బట్టకట్టడానికి చేసే పని, వీధిలో కుక్క కూడా కనపడదు, కింది గది రాతినేల మాత్రం వీపుకి చల్లగా తగులుతుంది. అక్కడ ఐదో అంతస్తులో నేల ఎలా ఉంటుంది, కింద ఎవరిదో ఇంటి కప్పు, దానికింద ఇంకెవరిదో, మనిషి వీపు భూమికి ఆనదు కదా అక్కడ, అలా గాల్లో వేలాడుతూ నిద్ర ఎలా పడుతుంది మనుషులకి.

బహ్మద్ గుండెమీద పెట్టుకున్న ఫోను అతని ఊపిరితో లేస్తోంది, పడుతోంది. లేస్తున్నంతసేపూ ఫరవాలేదు. ఆ ఫోన్లోనే చూపించాడు ఇల్లు, మొన్న, గదినిండా తెల్లటి వెలుగు, మధ్యవర్తి గొంతు, తలుపులు తెరిచిన చప్పుడు, తర్వాత గాలి హోరు, ఆ హోరులో మధ్యవర్తి ఏదో అరుస్తున్నాడు, చివర్లో రెండు భవనాల సందులో బెత్తెడు నీలం. “అదే సముద్రం,” అన్నాడు బహ్మద్, తనే తవ్వించినంత గర్వంగా. వంటింటి బాల్కనీలో నిలబడి మెడ చాస్తే కనిపిస్తుందట. “మెడ చాచినందుకా అంత అద్దె?” అంది తను. అతను నవ్వలేదు. ఏడాది అద్దె ముందే గుమ్మరించమంటున్నారట, అక్కడ అందరూ అంతేనట, సముద్రపు గాలి సోకిన గోడకి ధర వేరు. నవ్వకుండానే, “ఆ దారి నేను చూస్తున్నాలే, అది నాకొదిలెయ్,” అన్నాడు. ఏ దారో చెప్పలేదు. పక్కింటి లల్లా అవ్వ, ఈ వీధిలో చనిపోయిన ఆడవాళ్ళందరికీ స్నానం చేయించిన చేతులు ఆమెవి, ఆమె బతికున్నవాళ్ళని కూడా చనిపోయినవాళ్ళని చూసినట్టే చూస్తుంది, పొడుగూ వెడల్పూ కొలుస్తూ, “వెళ్తావుటే సముద్రానికి?” అంది నిన్న గుమ్మంలో నిలబడి. “అక్కడ ఉప్పు గడ్డకడుతుందటే, రొట్టె పొద్దున చేస్తే సాయంత్రానికి సాగుతుందట, రొట్టే మెత్తబడిపోతే మనిషెంత? మా అన్న నలభై ఏళ్ళు ఉన్నాడు, ఇంటికొచ్చేసరికి ఎముకల్లో నీళ్ళు.” ఆ అన్న తొంభై దాటి బతికాడని వీధంతా ఎరుగును, అయినా అవ్వకి ఎదురు చెప్పేవాళ్ళెవరు, ఎప్పటికైనా ఆ చేతుల్లో పడవలసినవాళ్ళే కదా అందరూ. అక్కడైతే ఎవరి చేతుల్లో పడతాం, అని తనకప్పుడు తట్టలేదు, ఇప్పుడు తడుతోంది, ఐదో అంతస్తునుంచి మనిషిని ఎలా దించుతారు, లిఫ్టు ఉందిగాని నడవదని బహ్మదే చెప్పాడు.

అసలు ఆడవాళ్ళు వెళ్ళడమన్నదే లేదు ఒకప్పుడు. మా లోయ మగవాళ్ళు మీసం రాగానే ఉత్తరానికి వెళ్ళి సముద్రం ఒడ్డున కొట్టు పెట్టుకుంటారు, కొట్టు వెనక గదిలో వండుకు తింటారు, ఏడాదికో రెండుసార్లు ఇంటికొస్తారు, ముసలివాళ్ళయి తిరిగొస్తారు, ఆడవాళ్ళు మాత్రం గోడదాటకుండా ఇక్కడే, ఈ ఎండలో, ఈ ఖర్జూరపుచెట్ల నీడలో. పెద్దల కట్టడి అది. ఆ కట్టడి ఎప్పుడు సడలిందో ఎవరూ డప్పు వేసి చెప్పలేదు, ఒకరి భార్య వెళ్ళింది, రెండోవాడి భార్య వెళ్ళింది, ఆకాశం విరిగి పడలేదు. మెన్నాకి మాత్రం ఎప్పుడూ వెళ్ళాలని లేదు. పెళ్ళయి పదిహేనేళ్ళు, అందులో మొగుడి మొహం చూసిన రోజులు ఏరుకుంటే రెండేళ్ళు కూడా రావు, అలవాటైపోయింది, మొగుడంటే బస్సు దిగే మనిషి, సంచీలో కొత్త సబ్బు వాసన, నాలుగు రోజులు మర్యాద, ఐదోరోజుకి కాస్త పోట్లాట, ఆ పోట్లాటే నిజమైన కాపురం అనిపించేలోగా మళ్ళీ బస్సు. అలాగే గడిచిపోయేది. చలికాలంలో ఆ కబురు రాకపోతే. కొట్టు వెనక గదిలో పడిపోయాడట, గుండె, ఒక రాత్రీ పగలూ నేలమీదే ఉన్నాడట, భాగస్తుడు సులేమాన్ సరుకుకోసం వెళ్ళి తిరిగొచ్చేదాకా ఎవరికీ తెలీదు. గొంతెండిపోయి నీళ్ళకోసం పాకాడట గాని కుళాయి దాకా పోలేకపోయాడట. ఆ మాట బహ్మద్ చెప్పలేదు, సులేమాన్ చెప్పాడు. బహ్మద్ చెప్పింది ఒకటే మాట, ఈసారి ఉత్తరంనుంచి వచ్చిన రాత్రి, దీపం ఆర్పాక, చీకట్లో, “ఒక్కణ్ణీ మళ్ళీ ఆ గదిలో పడుకోలేను మెన్నా, భయం వేస్తోంది.” పదిహేనేళ్ళలో ఆ మనిషి నోట భయమన్న మాట వినడం అదే. అందుకే పెట్టెలు సర్దడం మొదలుపెట్టింది. సర్దుతున్నంత మాత్రాన వెళ్తున్నట్టు కాదు, అని తనకి తను చెప్పుకుంటూనే సర్దింది. అప్పటికి అది మామూలు దిగులే, ఊరు వదిలే దిగులు, ఎవరికైనా ఉండేదే. గురువారం తర్వాత ఆ దిగులు కూడా చిన్నదైపోయింది.

గోడవార మూడు పెట్టెలున్నాయి, తాళ్ళు కట్టినవి రెండు, కట్టనిది ఒకటి. కట్టనిదాంట్లో పైన, తువ్వాలలో చుట్టి, చేపబొమ్మ కప్పులు. ఆరు ఉండాలి, ఐదు ఉన్నాయి. తెల్ల పింగాణీ, మీద నీలి చేప, చేప కంటికి నల్లచుక్క, తోక కొస కప్పు పిడిలోకి దూరినట్టు ఉంటుంది. బహ్మద్ కొట్లో ఆ ఏడు పెద్ద సరుకు వచ్చిందట, కొట్లో ఉన్న మనవాళ్ళందరికీ తలో పెట్టె ఇచ్చి, ఇళ్ళకి పంపించాడట. ఎడారి నడుమ చేపల కప్పులు. కూతురు జులేఖాకి అప్పుడు మూడు నిండాయి, కప్పు రెండు చేతుల్తో పట్టుకుని, “ఇదేంటమ్మా, దీనికి కాళ్ళేవి?” అంది. కాళ్ళుండవే, నీళ్ళలో ఉంటుంది. “నీళ్ళు తాగేస్తే?” పాలు తాగినప్పుడల్లా అదే భయం దానికి, పాలన్నీ తాగేస్తే చేప చచ్చిపోతుందని, అడుగున ఒక గుక్క వదిలేసేది. తిట్టినా వదిలేసేది. నాన్నొస్తే నాన్నతో సముద్రానికి వెళ్ళి చేపని అందులో వదిలెయ్యాలని దాని పథకం, దానికీ ఉండేది ఒక ప్రయాణం, తల్లి కంటె ముందే, ఏ సందేహమూ లేకుండా. నాలుగో ఏట వేసవిలో, తోట ఇంట్లో, అందరూ మిద్దెమీద పడుకున్న రాత్రి, తేలు. అది ఏడవలేదు కూడా, “అమ్మా, కాలు మండుతోంది,” అంది అంతే. ఆస్పత్రికి తీసుకువెళ్ళారు, సూది వేశారు, తెల్లారేసరికి అయిపోయింది, ఎండ ముదరకముందే మట్టి చేశారు. బహ్మద్ బస్సు దిగేసరికి రెండు రోజులు. అతనికి చూపించడానికి ఏమీ మిగల్లేదు.

మావాళ్ళు సమాధిమీద పేరు రాయరు, రాయి చెక్కరు. చావులో ఒకడి పేరు పెద్దదీ ఒకడి పేరు చిన్నదీ ఉండకూడదని. గుర్తుకి మాత్రం, పోయినవాళ్ళు వాడిన కుండో గిన్నో ఒకటి, ఎవడూ ఎత్తుకుపోకుండా అంచు కాస్త పగలగొట్టి, మట్టిలో గుచ్చుతారు. కొండ వాలంతా అలాగే ఉంటుంది, కుండలు, కూజాలు, టీ గిన్నెలు, ఎవరి వంటిల్లు వాళ్ళు తెచ్చుకున్నట్టు. ఆరోజు లల్లా అవ్వ పిల్లకి స్నానం చేయించి తెల్లగుడ్డ చుట్టాక మెన్నా నాన్న గుమ్మంలోకి వచ్చి, “దానిదేదన్నా ఒకటి ఇవ్వమ్మా, గుర్తుకి,” అన్నాడు. తను వంటింట్లోకి వెళ్ళింది, రాత్రి దాని పాల కప్పు అలాగే ఉంది, కడగనిది, అడుగున ఒక గుక్క ఎండి మీగడ కట్టింది. అదే ఇచ్చింది. ఆయన దాన్ని బయట మెట్టుకేసి కొట్టిన చప్పుడు వినిపించింది. ఆడవాళ్ళు వెంట వెళ్ళరు, మగవాళ్ళు వెళ్ళారు, వెళ్ళి వచ్చారు, చేతులు కడుక్కున్నారు. తర్వాత వెళ్ళాలనుకున్నప్పుడు నాన్నకి జ్వరం, మంచంమీంచే చెప్పాడు, “చిన్నపిల్లల వరసలో తల్లీ, గోడవేపు, కప్పు చూసి గుర్తుపట్టు.” గుర్తుపట్టింది. ఎందుకు పట్టదు, గేటు దాటి పిల్లల వరసలోకి మళ్ళగానే ఎదురుగా నీలి చేప, అంచు విరిగి, ఎండలో మెరుస్తూ. ఇంక ఆ వరసలో ముందుకి చూడనే లేదు. ఏ తల్లి చూస్తుంది, తన బిడ్డ దొరికాక.

ఏడేళ్ళు. ప్రతి శుక్రవారం పొద్దున్నే, ఎండ రాకముందే, ముసుగు వేసుకుని, ఒక్క కన్ను బయటికి పెట్టుకుని, సీసాతో నీళ్ళు పట్టుకుని. కప్పులో నీళ్ళు పోస్తే పిట్టలు తాగుతాయి, పిట్టలు తాగిన పుణ్యం పడుకున్నవాళ్ళకి. చిత్రమేమిటంటే ఆ కప్పులో ఎప్పుడూ తడి ఉండేది. తను వెళ్ళేసరికే. ఒక్కోసారి సగందాకా నీళ్ళే. మొదట్లో లల్లా అవ్వ పోస్తోందేమో అనుకుంది, అడిగితే అవ్వ, “నా మోకాళ్ళు ఆ కొండ ఎక్కుతాయిటే, నీకేమన్నా మతి పోయిందా?” అంది. అప్పటినుంచీ ఎవరినీ అడగలేదు. వానలేని చోట, రాత్రికి రాత్రి, తన బిడ్డ కప్పులోకి ఎక్కడినుంచో నీళ్ళు వస్తున్నాయి, అడిగితే ఆగిపోతాయేమోనని భయం. నమ్మింది, ఎవరికీ చెప్పకుండా, సిగ్గుపడుతూనే, దేవుడు తన పిల్లని ప్రత్యేకం చూస్తున్నాడని. కొన్ని శుక్రవారాలు ఆ నమ్మకంతోటే వారమంతా వంట చేసుకుంది. ఒకసారి కప్పు పక్కన ఎర్ర ప్లాస్టిక్ చక్రం కనిపించింది, బొమ్మ ట్రాక్టరుది, గాలికి కొట్టుకొచ్చిందనుకుని తీసి గోడ అవతలికి విసిరేసింది. బిడ్డ సమాధిమీద చెత్తేమిటని. ఆ చక్రం గోడ అవతల రాళ్ళమీద పడ్డ చప్పుడు ఇప్పుడు ఈ గదిలో వినిపిస్తోంది, తలకింద, చాపకింద, చిన్న చప్పుడు, టక్కుమని.

ఎండ పలక కదిలింది, కుండకి ఇంక రెండు జానలు. బహ్మద్ గుర్రు ఆగింది, ఆగింది, మెన్నా తల ఎత్తింది, మళ్ళీ మొదలైంది. ఈ ఆగడం ఒకటి. ఆగినప్పుడల్లా ఆ గది కనిపిస్తుంది, తను ఎన్నడూ చూడని గది, ఇనపసామాను మధ్య చాప, అవతల కుళాయి, మధ్యలో ఈ మనిషి పాకుతూ. బతికున్నవాడికి నీళ్ళిచ్చే దిక్కు లేదు, తనిక్కడ చనిపోయినదానికి నీళ్ళు మోస్తోంది. చనిపోయినదానికైనా పోసిందా.

గురువారం సాయంత్రం వెళ్ళింది. ఎప్పుడూ వెళ్ళే వేళ కాదు, శుక్రవారం లారీవాడు సామాను చూడటానికి వస్తానన్నాడు, అందుకని ముందురోజే. వెళ్తే కప్పు దగ్గర ఎవరో కూర్చుని ఉన్నారు. తెల్ల ముసుగు, ఇటు వీపు. అరచేత్తో కప్పు అంచు తుడుస్తోంది, ఎవరితోనో మాట్లాడుతున్నట్టు మామూలుగా, “మీ తమ్ముడికి బళ్ళో మొదటి మార్కు వచ్చిందిరా, నీ చొక్కా వాడికి ఇప్పుడు పొట్టయిపోయింది,” అంటోంది. మెన్నాకి మొదట కోపం వచ్చింది. నిజం చెప్పాలంటే కోపమే. ఎవరీమనిషి, నా పిల్ల దగ్గర కూర్చుని. మెన్నా దగ్గు వినబడి ఆమె తిరిగింది, ఒక్క కన్ను కనిపించింది, తడి కన్ను, కాస్త నవ్వుతున్న కన్ను.

“రా అమ్మా. మీవాళ్ళూ ఈ వరసేనా? పాపా, బాబా?”

“పాప,” అంది మెన్నా.

“మావాడు యహ్యా. సులేమాన్ కొడుకు, పైవీధి సులేమాన్, ఉత్తరంలో కొట్టు ఉంది చూడు. జ్వరం వచ్చిందమ్మా ఆ ఏడు, తేళ్ళు ఎక్కువొచ్చిన ఏడు. నా పేరు బియా.” జులేఖా పోయిన వారమే బహ్మద్ భాగస్తుడి పిల్లాడూ జ్వరంతో పోయాడని అప్పుడు వినడమే, తన దుఃఖంలో పడి మెన్నా ఆ గుమ్మం తొక్కలేదు. బియా సీసా ఎత్తి కప్పులో నీళ్ళు పోసింది. “వీడు అదృష్టవంతుడు తెలుసా. నేను గురువారం పోస్తాను, మళ్ళీ గురువారం వచ్చేసరికి చలికాలంలో ఇంకా తడి ఉంటుంది. ఎవరో పుణ్యాత్మురాలు పోస్తోంది. మా అత్తగారనుకున్నా చాన్నాళ్ళు, ఆమె పోయాక కూడా ఆగలేదు. ఎవరైతేనేం, ఆమె కడుపు చల్లగుండాలి. మీ పాపది ఏది?”

మెన్నా చెయ్యి ఎటో చూపించింది. అటు, గోడవేపు. బియా మోకాళ్ళు పట్టుకుని లేచి, ముసుగు సర్దుకుని, “పిల్లల్ని పడుకోబెట్టడానికి చోటు మాత్రం మంచిదిచ్చారు, గాలి తగులుతుంది,” అని వెళ్ళిపోయింది. ఆమె గేటు దాటేదాకా మెన్నా కదల్లేదు. తర్వాత, చూపించిన చెయ్యి ఎటు చూపించిందో అటే నడిచింది, వరసలో ఇంకా లోపలికి, నాన్న చెప్పినట్టు గోడవేపు, ఏడేళ్ళలో ఎన్నడూ అడుగు పెట్టని ఆ నాలుగు గజాలు. ఒక మూకుడు, ఒక చిన్న కూజా, ఒక ఇత్తడి గిన్నె. దాని పక్కన నీలి తోక. సగం ఇసుకలో కూరుకుపోయింది, లోపలంతా ఇసుకే, అంచుదాకా, గట్టిపడిపోయిన ఇసుక, చేప కన్ను ఇసుకకి పైన మిగిలి ఉంది. ఇక్కడ పెళ్ళిళ్ళకి వీధిలో కప్పులూ పళ్ళేలూ అన్నీ ఒకచోట పోగవుతాయి, ఎవరివి ఎవరింటికి పోతాయో తెలీక పోట్లాటలవుతాయి, అందుకని ప్రతి ఇంటికీ ఒక గుర్తు, ఒకరిది తారు మరక, ఒకరిది గీత, మెన్నాది కప్పు అడుగున గోళ్ళరంగుతో ఎర్ర చుక్క. సమాధిమీది వస్తువు కదపకూడదు. కదిపింది. గోళ్ళతో తవ్వి ఊడబెరికి తలకిందులు చేసింది. ఎర్ర చుక్క.

ఏడవలేదు, ఏడుపు రాలేదు, ఏడవడానికి కూడా మొహం ఉండాలి కదా. ఏడేళ్ళు తను ఎవరితో మాట్లాడింది? దంతాలు ఊడే వయసొచ్చిందే నీకు, జడ వెయ్యడం నేర్పించేదాన్నే ఈపాటికి, అని శుక్రవారం శుక్రవారం చెప్పిన కబుర్లన్నీ ఎవడో మగపిల్లాడు విన్నాడు పాపం, జడల గురించి. దేవుడు పోశాడనుకున్న నీళ్ళు బియా పోసింది. బియాకి పుణ్యాత్మురాలు తను. నాలుగు గజాల అవతల నాలుగేళ్ళ పిల్ల, తల్లి అడుగుల చప్పుడు ప్రతివారం గేటుదగ్గర విని, ఇటు వస్తుందనుకుని, రాక, ఇసుక మింగుతూ. చేప చచ్చిపోతుందని ఒక గుక్క వదిలేసిన పిల్ల. ఆ కప్పునే ఎండబెట్టింది తను. కప్పులోని ఇసుక బయటికి గుమ్మరించి, మళ్ళీ గుచ్చి, సీసాలో నీళ్ళన్నీ పోసి, చీకటి పడేదాకా కూర్చుంది. ఏం మాట్లాడాలో తెలీలేదు, కొత్తవాళ్ళింటికి వెళ్ళినట్టుంది. బహ్మద్‌కి చెప్పలేదు. ఏమని చెబుతుంది, బస్సు దిగొచ్చిన రోజు తనే చెయ్యి పట్టుకు తీసుకెళ్ళి చూపించింది, ఇదుగో, అని, అతను యహ్యా మీద పడి ఏడ్చాడు, పిడికెడు మట్టి జేబురుమాల్లో కట్టుకుని ఉత్తరానికి తీసుకెళ్ళాడు, ఆ మట్టి ఆ వెనక గదిలో మేకుకి వేలాడుతోంది ఇప్పటికీ. గుండె సరిగ్గా లేని మనిషి. చెప్పకూడదు.

మరి వెళ్ళడమెలా. దొరికి వారం కాలేదు. దొరికిన వారానికే వదిలేసి, ఆరువందల కిలోమీటర్లు, బెత్తెడు నీలం చూడ్డానికి మెడ చాస్తూ. ఉండిపోతే? ఉండిపోతే ఈ గుర్రు ఒకరోజు ఆగుతుంది, అక్కడ, ఆ గదిలో, ఈసారి సులేమాన్ కూడా ఆలస్యంగా వస్తాడు. రెండువేపులా నీళ్ళు పొయ్యవలసినవాళ్ళే, చేతిలో ఒక్క సీసా. పొద్దుటినుంచీ ఆలోచించి ఆలోచించి ఒక దారి మాత్రం కనిపించింది, సన్నటి దారి. బియా. ఆమె ఎటూ ప్రతి గురువారం వెళ్తుంది. నాలుగు గజాలు. ఆమెతో చెప్పాలి, ఎలా చెప్పాలి, అక్కా, ఆ పుణ్యాత్మురాలు నేనే, పుణ్యం కాదు, పొరపాటు. లేదా పొరపాటని చెప్పకుండా, నీ కొడుక్కి ఏడేళ్ళు పోశాను, నా కూతురికి నువ్వు పొయ్యి, అంటే బేరమాడినట్టుంటుంది, ఎవరో ప్రేమతో పోశారని ఆమె నమ్ముకుంది, ఆ నమ్మకం తనకి పోయింది, ఆమెదీ పోగొట్టాలా. అక్కా, ఊరికే, దారిలోనే కదా, ఒక గుక్క. ఒక గుక్క చాలు దానికి. అవును, అలా అంటుంది, చక్రం గురించి చెప్పదు, చక్రం గురించి ఎన్నటికీ చెప్పదు. బియా కాదనదు, ఆ కన్ను కాదనే కన్ను కాదు. శుక్రవారం వెళ్ళి ఆమెకి చోటు చూపిస్తుంది, ఎర్ర చుక్క చూపిస్తుంది, తర్వాత ఏ లారీ అయినా ఎక్కుతుంది, ఏ అంతస్తయినా. చాపమీద పడుకున్నప్పట్నుంచీ మొదటిసారి మెన్నాకి ఊపిరి కిందిదాకా దిగింది. వెళ్ళొచ్చు. బియా ఇక్కడ ఉన్నంతకాలం తను ఎక్కడికైనా వెళ్ళొచ్చు.

ఎండ కుండ మొదలుకి తగిలింది. మీనారు మీంచి అసర్ పిలుపు వినిపించింది. బహ్మద్ లేచి కూర్చున్నాడు, ఒక్క క్షణం తను ఏ ఊళ్ళో ఉన్నాడో తెలీనట్టు గోడలు చూశాడు, ఆ చూపు చూసి మెన్నాకి జాలేసింది.

“ఏం చెప్పను వాడికి?” అన్నాడు.

“వస్తానని చెప్పండి.”

అతని మొహం ఒక్కసారి చిన్నపిల్లాడి మొహమైపోయింది. దాన్ని దాచుకోవడానికి కుండ దగ్గరికి వెళ్ళి గటగటా నీళ్ళు తాగాడు, మూతి తుడుచుకున్నాడు, ఇంక మాటలు ఆగలేదు. “అద్దెకి దారి చూస్తానన్నానా లేదా? చూశాను. నువ్వు ఊఁ అన్నాక చెబుదామని ఊరుకున్నా. ఇల్లు సగం సగం. రెండు గదులు మనవి, రెండు గదులు సులేమాన్‌వి. వాడూ భార్యనీ పిల్లాణ్ణీ తెచ్చేసుకుంటున్నాడు, నిన్ననే ఆవిడ ఒప్పుకుందట, నువ్వొస్తే తనూ వస్తానందట. ఇక్కడ ఇంటికి తాళమే. వంటిల్లు మాత్రం ఒకటే మెన్నా. పడుతుందా నీకు ఆవిడతో? బియా అని, మంచిదంటారు.”

మెన్నా లేచి, కట్టని పెట్టె దగ్గరికి వెళ్ళి, తువ్వాల విప్పి, చేపబొమ్మ కప్పుల్ని ఒక్కొక్కటే తిరగేసి చూసింది. అన్నిటికీ ఎర్ర చుక్క ఉంది.

“ఆవిణ్ణి కప్పులు తేవద్దని చెప్పండి,” అంది చివరికి. “వాళ్ళవీ ఇవే. వాళ్ళింట్లోనూ ఐదే ఉంటాయి.”

“ఐదేనని నీకెలా తెలుసు?”

“సామాను లారీ శనివారం రమ్మనండి. శుక్రవారం పొద్దున ఆవిడా నేనూ కలిసి వెళ్ళాలి, జులేఖా దగ్గరికి.”

ఫోను మోగింది. బహ్మద్ దాన్ని చేతిలోకి తీసుకుని, ఎత్తబోయి ఆగాడు. “ఆవిడెందుకు? నీకు దారి తెలుసుగా.”

“నాకూ మొన్న గురువారమే తెలిసింది,” అంది మెన్నా. “మీరూ రండి.”

ఫోను మోగుతూనే ఉంది. అతను ఎత్తలేదు.